వేలెన్ రీస్లింగ్: తోట పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, సీసాలు మాత్రం వేరు

రైన్‌తీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా విభాగంలో చాలాకాలం పనిచేసి త్వరలో పదవీ విరమణ చేయబోతున్న ఒక జర్మన్ పెద్దాయనకు మంచి రీస్లింగ్ (ఒక తెల్లద్రాక్ష రకం) వైన్ కానుకగా ఇవ్వాలని మేమందరం అనుకున్నాం. దాన్ని ఎంపిక చేసే బాధ్యత నాకు అప్పగించారు. ఆయన మోజెల్ నది ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి, కంటికి నచ్చిన సీసా ఏదో ఒకటి కొని ఇస్తే సరిపోదని నాకు తెలుసు.

దుకాణంలో నాకు రెండు సీసాలు చూపించారు. రెండింటి మీదా ‘వేలెనర్ జొన్నెన్‌ఊర్’ అనే తోట పేరే ఉంది, రెండింటి మీదా ప్రూమ్ అనే ఇంటిపేరే ఉంది. అయితే ఒకటి యోహ్. యోస్. ప్రూమ్ వారిది, రెండోది ఎస్. ఏ. ప్రూమ్ వారిది. ధరల్లో చెప్పుకోదగ్గ తేడా ఉంది. వీటిలో అసలు ఏది, ఆ తోట నిజానికి ఎవరిది అన్నది నాకు అర్థం కాలేదు. ఇదే ప్రాంతం పేరుతో ‘బెర్న్‌కాస్టెలర్ కుర్‌ఫ్యుర్స్ట్‌లై’ అనే రీస్లింగ్ సూపర్‌మార్కెట్‌లో చాలా తక్కువ ధరకు దొరుకుతోంది. అది కూడా తోట పేరేనా?

మరొక సందేహం తీపి గురించి. దుకాణదారు చూపించిన సీసాలు రెండూ కాస్త తీపిగా ఉండే రకమట. మంచి వైన్ తీపిగా ఉండదనీ, తీపి ఉన్నదంటే చక్కెర కలిపిన నాసిరకమనీ మన స్నేహితుల మధ్య గట్టి అభిప్రాయం ఉంది. ఇందులో నిజమెంత? ఈ సీసాలను కొన్నేళ్లు దాచి తెరవడమే మేలని కూడా దుకాణదారు అన్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

ట్రియర్‌వాసి

రైన్‌తీరం గారూ, ఆ రెండు సీసాలూ అసలైనవే. మీకు ఎదురైన అయోమయానికి మూలం ఆస్తి పంపకాల్లో ఉంది.

వేలెన్ అనేది మోజెల్ నది ఎడమ ఒడ్డున, బెర్న్‌కాస్టెల్ పట్టణానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఊరు ఒక ఒడ్డున ఉంటే, దానికి పేరు తెచ్చిన ద్రాక్షకొండ నదికి అవతలి ఒడ్డున, నైరుతి ఎండను నిండుగా అందుకునేటట్లు నిలిచి ఉంటుంది. ఆ వాలు మధ్యలో, తీగల నడుమ బయటపడి ఉన్న బండ మీద, ఒక నీడగడియారం ఉంది. తోటలో పనిచేసేవారికి వేళ తెలియాలని ప్రూమ్ కుటుంబానికి చెందిన యోడోకుస్ ప్రూమ్ 1842లో దాన్ని కట్టించాడు. కొండవాలుకు జొన్నెన్‌ఊర్ అన్న పేరు ఆ గడియారం వల్లనే వచ్చింది.

ఈ ప్రాంతంలో ఆస్తులు ముక్కలు కావడానికి బలమైన చారిత్రక కారణం ఉంది. రైన్ నదికి పడమటి వైపున్న నేలను 1794లో ఫ్రెంచి సైన్యం ఆక్రమించింది. ఆ తరువాతి సంవత్సరాల్లో మఠాల, చర్చిల ద్రాక్షతోటలు ప్రభుత్వపరమై వేలానికి రాగా, అంతదాకా కౌలుకు చేసినవారూ స్థానిక సంపన్నులూ వాటిని కొనుక్కున్నారు. మోజెల్‌లో కలిసే జార్ నది లోయలోని విల్టింగెన్ గ్రామంలో ప్రసిద్ధమైన షార్ట్స్‌హోఫ్ ఎస్టేటును ఏగోన్ మ్యుల్లర్ కుటుంబపు పూర్వికుడు అలాగే 1797లో కొన్నాడు. ఈనాటికీ అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. తోటలతోపాటు ఫ్రెంచివారు తమ పౌరచట్టాన్ని కూడా తెచ్చారు. దాని ప్రకారం పిల్లలందరికీ ఆస్తిలో సమాన వాటా దక్కాలి. నెపోలియన్ పోయినా, 1900లో జర్మన్ పౌరస్మృతి అమలులోకి వచ్చేదాకా రైన్‌లాండులో ఆ చట్టం కొనసాగింది. సమానంగా పంచుకునే అలవాటు ఆ తరువాత కూడా చెదరలేదు. అందువల్ల ప్రతి తరంలోనూ తోటలు చీలిపోయాయి, పెళ్లిళ్ల ద్వారా కొన్ని తిరిగి కలిశాయి.

ప్రూమ్ కుటుంబపు పెద్ద ఆస్తి 1911లో వారసుల మధ్య పంపకమైంది. తన వాటాకు వచ్చిన తోటలతో యోహాన్ యోసెఫ్ ప్రూమ్ నెలకొల్పిన సంస్థే యోహ్. యోస్. ప్రూమ్. అదే పంపకంలో ఏర్పడిన మరొక శాఖ ఎస్. ఏ. ప్రూమ్. ఆడపిల్లల వాటాలు వేరే ఇళ్లకు చేరడం వల్ల, ప్రూమ్ పేరు చివర తగిలించుకున్న మరికొన్ని సంస్థలు కూడా ఆ ఊళ్లో పుట్టాయి. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే చూసి కొంటే తికమక తప్పదు. ముందున్న అక్షరాలను తప్పకుండా చదవాలి.

ఇక తోట సంగతి. మన ఊళ్లలో ఒక చెరువు కింది ఆయకట్టంతా ఒకే పేరుతో పిలువబడుతూ, దానిలో పదిమందికి పట్టాలు ఉన్నట్లే, జొన్నెన్‌ఊర్‌లో కూడా చాలామందికి మడులు ఉన్నాయి. రెండు ప్రూమ్ శాఖలతోపాటు డాక్టర్ లోజెన్, జెల్బాహ్-ఓస్టర్, కెర్పెన్, మార్కుస్ మోలిటోర్ వంటి సంస్థలు కూడా ఇదే కొండ నుంచి రీస్లింగ్ తీస్తాయి. తోట పేరు ఎవరి సొంతమూ కాదు. నేల ఒకటే అయినా, ఎవరి మడి ఏ ఎత్తులో ఉంది, తీగల వయసెంత, కోతకు ఎన్నిసార్లు తిరిగారు, నేలమాళిగలో రసాన్ని ఎలా పులియబెట్టారు అన్నవాటిని బట్టి వైన్ మారుతుంది. ధరలోని తేడాకు ఇది ఒక కారణమైతే, తరతరాలుగా ఒక పేరు సంపాదించుకున్న నమ్మకం రెండో కారణం.

యోహ్. యోస్. ప్రూమ్ సంస్థ గురించి నాకున్న గౌరవాన్ని దాచుకోను. స్థాపకుడి తరువాత అతని కుమారుడు సెబాస్టియన్ ఆ పేరును ప్రపంచానికి తెలిసేటట్లు చేశాడు. 1969 నుంచి మాన్‌ఫ్రెడ్ ప్రూమ్ నడిపించారు. 2003లో ఆయన కుమార్తె కథరీనా వచ్చి చేరి, ఇప్పుడు బాధ్యత వహిస్తున్నారు. నాలుగు తరాలలోనూ వైన్ స్వభావం మారలేదన్నది వారి గొప్పతనమని నేను భావిస్తాను. పొడి (తీపి లేని) వైన్లకు గిరాకీ పెరిగిన కాలంలో కూడా వారు తేలికగా, తక్కువ మద్యశాతంతో, సహజమైన తీపి మిగిలి ఉండే రీస్లింగ్‌నే పట్టుకుని నిలిచారు. తోటలోనూ మాళిగలోనూ ఉండే సహజమైన ఈస్ట్‌తోనే రసం పులుస్తుంది. ఆ కారణంగా కొత్త సీసా తెరిస్తే మొదట అగ్గిపుల్ల గీసినట్టి గంధకపు వాసన తగలవచ్చు. దాన్ని చూసి వైన్ పాడైందని అనుకోనక్కర్లేదు. గాలి తగిలినకొద్దీ, లేదా ఏళ్లు గడిచినకొద్దీ అది పోయి, కింద దాగి ఉన్న తెల్ల పీచు పండు, నిమ్మతొక్క, తడి రాయి వంటి పరిమళాలు పైకి వస్తాయి. దుకాణదారు మీకు దాచమని చెప్పడంలో ఈ సంగతి కూడా ఉంది.

సూపర్‌మార్కెట్ సీసా విషయానికి వస్తే, ‘కుర్‌ఫ్యుర్స్ట్‌లై’ అన్నది ఒక కొండవాలు పేరు కాదు. 1971 నాటి వైన్ చట్టం అనేక ఊళ్ల తోటలను కలిపి పెద్ద మండలాలుగా చేసి, వాటికి తోట పేర్లను పోలిన పేర్లే పెట్టింది. అందులో ఎక్కడో చదునైన పొలంలో పండిన ద్రాక్షకు కూడా బెర్న్‌కాస్టెల్ పేరు పెట్టుకునే వీలు దానివల్ల కలిగింది. ‘పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్’ కూడా అటువంటిదే, ‘పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్‌షెన్’ మాత్రం నిజమైన కొండవాలు. చదివేవారికి ఈ రెండింటి మధ్య తేడా తెలిసే మార్గమే లేకుండా చేసిన ఆ చట్టం, కొండల మీద చెమటోడ్చిన కుటుంబాలకు అన్యాయం చేసిందని నా అభిప్రాయం. కొనేముందు సీసా మీద ‘గూట్స్‌ఆబ్‌ఫ్యూలుంగ్’ అన్న మాట ఉందేమో చూడండి. ద్రాక్ష పండించిన సంస్థే తన ఎస్టేటులో వైన్ తయారు చేసి సీసాలో నింపిందని దాని అర్థం.

గైజెన్‌హైమ్ విద్యార్థిని

ట్రియర్‌వాసి గారు చరిత్ర చక్కగా చెప్పారు. నేను రైన్‌గావ్ ప్రాంతంలోని గైజెన్‌హైమ్‌లో ద్రాక్షసాగు, వైన్ తయారీ చదువుతున్నాను కాబట్టి తీపి ప్రశ్నకు సమాధానం ఇస్తాను.

రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం. మోజెల్ లోయ దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే ద్రాక్ష పండగలిగే చలి సరిహద్దుకు చాలా దగ్గర. అటువంటి చోట అక్టోబరు దాకా గెలలు తీగ మీదే ఉండి నెమ్మదిగా పక్వానికి వస్తాయి. పగటి ఎండకు చక్కెర చేరుతుంది, రాత్రి చలికి పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది. చక్కెర ఎంత చేరిందో రసపు సాంద్రతను బట్టి ఓక్స్‌లే డిగ్రీలలో కొలుస్తారు. కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె, బేరెన్‌ఔస్‌లేజె, ట్రాకెన్‌బేరెన్‌ఔస్‌లేజె అన్న మెట్లన్నీ కోతనాడు రసంలో ఉన్న చక్కెరను బట్టి నిర్ణయమయ్యేవే. చివరి మెట్టుకు కనీసం 150 డిగ్రీలు ఉండాలి. ఆ పండ్లు తీగ మీదే బూజు సోకి, నీరు ఆవిరై, ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి ఉంటాయి. ఒక్కొక్క పండునూ చేత్తో ఏరవలసి వస్తుంది. ఆ బూజు మామూలుగా పంటను పాడుచేసే బోట్రైటిస్ శిలీంధ్రమే. పొద్దున నది మీది మంచు, మధ్యాహ్నం ఎండ సరైన పాళ్లలో కుదిరినప్పుడు మాత్రం అది తేనెలాంటి రసాన్ని ఇస్తుంది.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. ఈ మెట్లలో దేనికీ రసంలో చక్కెర కలపడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి మీరు చూసిన సీసాలలోని తీపి ద్రాక్షపండుదే. చలికి చల్లబడిన మాళిగలో ఈస్ట్ పని మందగించినప్పుడో, తయారీదారు చల్లబరచి వడకట్టి ఆపినప్పుడో, కొంత చక్కెర మద్యంగా మారకుండా మిగిలిపోతుంది. మోజెల్ కాబినెట్‌లో మద్యశాతం తరచు 8 లేదా 9 మాత్రమే ఉండడానికి కారణం ఇదే. సీసా మీద ఈ అంకె చూస్తే చాలు, లోపల తీపి ఉందో లేదో సుమారుగా తెలిసిపోతుంది. 12 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చక్కెర దాదాపుగా మొత్తం పులిసిపోయిందని అనుకోవచ్చు. ‘ట్రాకెన్’ (పొడి) అని రాసి ఉంటే మిగిలిన చక్కెర లీటరుకు 9 గ్రాములకు మించదు.

అయితే నాలుకకు తెలిసే తీపి వేరు, ప్రయోగశాల కొలిచే చక్కెర వేరు. లీటరుకు 40 గ్రాముల చక్కెర ఉన్న కాబినెట్ కూడా నోట్లో జిగటగా అనిపించదు, ఎందుకంటే దానికి ఎదురుగా 8 గ్రాముల చుట్టుపక్కల పులుపు ఉంటుంది. ఆ రెండింటి పోరులోనే రీస్లింగ్ ప్రాణం ఉంది. పులుపు లేని తీపి వైన్ రెండు గుక్కలకే మొహం మొత్తుతుంది, ఇది మాత్రం నోరూరిస్తుంది. 1970లలో, 80లలో జర్మనీ విదేశాలకు విపరీతంగా పంపిన చవక తీపి వైన్లలో ఈ సమతూకం లేదు. చాలావాటిలో రీస్లింగే లేదు. తీపి వైన్ నాసిరకమన్న అభిప్రాయం అక్కడి నుంచి పుట్టి ఇంకా పోలేదు.

దాచే విషయంలో కూడా ఈ పులుపు, చక్కెరలే వైన్‌ను కాపాడుతాయి. మంచి తోటలో పండిన కాబినెట్ పదేళ్లు తేలికగా నిలుస్తుంది, ఔస్‌లేజె అంతకంటే చాలా ఎక్కువకాలం నిలుస్తుంది. వయసు పెరిగినకొద్దీ కిరోసిన్‌ను తలపించే ఒక వాసన కూడా రావచ్చు. గెలలకు ఎండ బాగా తగిలినప్పుడు తొక్కలో పేరుకునే కెరొటినాయిడ్ల నుంచి, సీసాలో కాలక్రమంలో ఏర్పడే టీడీఎన్ అనే పదార్థం దానికి మూలం. కొద్దిగా ఉంటే అది పాత రీస్లింగ్‌కు అందమే.

పందిరిసాగు

ఈ చర్చ నాకు చాలా ఆసక్తిగా ఉంది. మా కుటుంబం రంగారెడ్డి జిల్లాలో ద్రాక్ష పండించింది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు విరివిగా ఉన్న రోజులను మా పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ప్రస్తుతం నేను మోజెల్ లోయకు కొంత దూరంలోనే ఉంటున్నాను. ఒక చిన్న కుటుంబ ఎస్టేటులో తీగలు కట్టే రోజుల్లో పని దగ్గరుండి చూశాను కాబట్టి, సేద్యం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మన దగ్గర తీగకు చలికాలపు నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి మనమే దానికి రుతువులను కల్పించాలి. అక్టోబరు కత్తిరింపు మీద పంట వస్తుంది, ఎండలు ముదిరేలోపు కోత అయిపోతుంది. మోజెల్‌లో తీగ నవంబరు నుంచి మోడువారి నిద్రపోతుంది. ఆ నిద్రలోనే కత్తిరింపు జరుగుతుంది. ఏప్రిల్ చివర్లో మొగ్గ విచ్చుకుంటుంది, జూన్‌లో పూత, అక్టోబరులో కోత. ఏడాదికి ఒక్క అవకాశమే. మొగ్గ విచ్చిన తరువాత ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే ఆ ఏటి పంట దాదాపు పోయినట్లే.

పందిరి అక్కడ కుదరదు. ఆ వాలు మీద నిలబడడమే కష్టం. పాత పద్ధతిలో ప్రతి తీగకూ ఒక్క కొయ్య గుంజ ఉంటుంది. కత్తిరించాక మిగిల్చిన రెండు కొమ్మలను చెరొక వైపుకు వంచి, కొసలను కిందికి తెచ్చి గుంజకు కడతారు. చూడడానికి హృదయాకారంలో ఉంటుంది. ఈ పని చినుకులు పడుతున్నప్పుడో, మంచు తేమ ఉన్నప్పుడో చేస్తారు, ఎందుకంటే పొడిగాలిలో వంచితే కొమ్మ చిట్లిపోతుంది. నేను చూసిన ఆవిడ ఒక కొమ్మను వంచేముందు బొటనవేలితో రెండు మూడు చోట్ల నొక్కి, లోపలి నారలు మెత్తబడిన చిన్న చప్పుడు విన్నాకే గుండ్రంగా తిప్పారు. గుంజ చుట్టూ నాలుగు వైపులా ఖాళీ ఉండడంతో పనివారు వాలుకు అడ్డంగా కూడా నడవగలుగుతారు. తీగలను నిలువు వరుసలలో ఇనుప తీగ మీద పాకిస్తే అలా అడ్డంగా కదలడం వీలుకాదు.

నేలంతా నీలి బూడిద రంగు పలకరాయి ముక్కలు. కాలు పెడితే జారుతాయి. వానకు కిందికి కొట్టుకుపోయిన పలకలను పాతకాలంలో బుట్టలతో వీపున మోసి మళ్లీ పైకి చేర్చేవారు. ఆ రాళ్లు పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి తీగకు అందిస్తాయి, వాననీటిని నిలవనీయవు. వేరుకు తెగులు తెచ్చే ఫైలోక్సెరా పురుగు ఐరోపా తోటలను తుడిచిపెట్టినా, ఈ పలకనేలలో అంటు కట్టని పాత తీగలు ఇంకా అక్కడక్కడ బతికి ఉన్నాయి. ట్రాక్టరు ఎక్కని చోట ఒంటి పట్టా రైలు వంటి యంత్రం మీద మనుషులూ గెలల పెట్టెలూ కదులుతాయి. మిగిలినదంతా చేతిపనే. కోతకు చాలావరకు పోలండ్, రుమేనియా నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. చదునైన నేల కంటే ఇక్కడ కూలి ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ.

అందుకే పిల్లలు తోటను వదిలి పట్నం చేరడం అక్కడ కూడా పెద్ద సమస్యే. నిటారుగా ఉన్న ఎన్నో వాలులు బీడుపడి ముళ్లపొదలతో నిండిపోయాయి. ధర గురించి అడిగారు కదా, ఒక కుటుంబం తరతరాలుగా ఆ కొండను వదలకుండా ఉండాలంటే సీసాకు ఆ ధర రాక తప్పదు. రైతు కుటుంబంలో పుట్టినవాడిగా ఆ ధర నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

రైన్‌తీరం

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇప్పుడు సీసా మీది మాటలు చదవగలుగుతున్నాను. పందిరిసాగు గారు వివరించిన కొమ్మ వంచే పని నాకు పూర్తిగా కొత్త విషయం.

యోహ్. యోస్. ప్రూమ్ వారి జొన్నెన్‌ఊర్ వైపే మొగ్గు చూపుతున్నాను. కాబినెట్ ఇవ్వాలా, ష్పేట్‌లేజె ఇవ్వాలా అన్నది తేలలేదు. ఒకే సంవత్సరపు, ఒకే తోటకు చెందిన ఔస్‌లేజె సీసాలు రెండు వేర్వేరు ధరలకు ఉన్నాయి, ఒకదానికి బంగారు రంగు మూత ఉంది. అది అలంకారమా, లేక దానికి అర్థం ఉందా?

మైన్జ్ పాఠకుడు

బంగారు రంగు మూతకు అర్థం ఉంది. ఒకే తోటలోని ఔస్‌లేజెలో మరింత ఎంచి తీసిన, బూజు సోకిన పండ్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని విడిగా నింపినప్పుడు ఆ గుర్తు వాడతారు. మూత ఇంకా పొడవుగా ఉంటే అది అంతకంటే అరుదైన ఎంపిక. చట్టంలో లేని, సంస్థలు తమంతట తాము పాటించే ఆనవాయితీ ఇది. మామూలు మూతలు ఉన్న సీసాల మధ్య తేడా తెలుసుకోవాలంటే చిన్న అక్షరాలతో ముద్రించే అధికారిక పరీక్ష సంఖ్యను చూడాలి. దాని చివరి రెండంకెలు పరీక్ష జరిగిన సంవత్సరం, దానికి ముందున్నది ఆ సంస్థ ఆ ఏడాది ఏ వరుసలో ఆ వైన్‌ను పరీక్షకు పంపిందో చెప్పే అంకె. ఆ అంకె వేరైతే సాధారణంగా వైన్ కూడా వేరే.

ఇక ఈ చర్చలో ఒక విషయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. తీపి రీస్లింగ్‌ను సమర్థించే క్రమంలో పొడి రీస్లింగ్‌ను కేవలం మారిన అభిరుచిగా తీసిపారేయకూడదు. వాతావరణం వేడెక్కడంతో ద్రాక్ష ఇప్పుడు ముందుగా, పూర్తిగా పండుతోంది. ఒకప్పుడు పులుపుతో పళ్లు పులిసే పొడి రీస్లింగ్ ఇప్పుడు నిండుగా, గంభీరంగా వస్తోంది. అదే వేడి వల్ల మరొకటి పోతోంది. ఐస్‌వైన్ తీయాలంటే గెలలు తీగ మీదే సున్నాకు 7 డిగ్రీలు దిగువన గడ్డకట్టాలి. 2019 పంటకు ఆ చలి జర్మనీలోని 13 ప్రాంతాలలో ఎక్కడా పడక, ఆ ఏటి ఐస్‌వైన్ అసలు రాలేదు. కాబినెట్ కూడా అంతే. చట్టం చెప్పేది కనీస చక్కెర మాత్రమే కాబట్టి, ఈ రోజుల్లో కాబినెట్ పేరుతో వచ్చేవాటిలో చాలావరకు వెనకటి ష్పేట్‌లేజె అంత బరువుగా ఉంటున్నాయి. తేలికైన కాబినెట్ కోసం ముందే కోసుకోవడం ఇప్పుడు ఒక ప్రత్యేకమైన నిర్ణయం అయింది.

మీరు కోబ్లెంజ్‌లో ఉంటున్నారు కాబట్టి మరొక మాట చెబుతాను. మీకు ఆనుకునే ఉన్న విన్నింగెన్ గ్రామంలో ఊలెన్ అనే రాతి అంచెల తోట ఉంది. అక్కడ హైమన్-లోవెన్‌స్టైన్ అనే కుటుంబ సంస్థ 1980 నుంచి, తీపి రీస్లింగే మోజెల్ అనుకునే కాలంలో మొదలుపెట్టి, పొడి రీస్లింగ్‌తోనే పేరు తెచ్చుకుంది. పలకరాయి రకాన్ని బట్టి ఒకే కొండ నుంచి వేర్వేరు వైన్లు తీస్తారు. ఇంకాస్త పైకి వెళితే ప్యుండెరిష్‌లో క్లెమెన్స్ బుష్ కుటుంబం రసాయనాలు లేని సేద్యంతో నిటారు వాలులను నిలబెట్టింది. ఆ పెద్దాయన పొడి వైన్ తాగేవారైతే ప్రూమ్ సీసా కంటే ఇవే ఆయనకు ఎక్కువ సంతోషం కలిగిస్తాయి. కాబట్టి కొనేముందు ఆయన ఇంట్లో ఏది తాగుతారో ఎవరినైనా అడిగి తెలుసుకోండి.

గైజెన్‌హైమ్ విద్యార్థిని

మైన్జ్ పాఠకుడు గారు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. నేను అన్నది చవక తీపి వైన్ల గురించే. పొడి రీస్లింగ్ మా తరగతిలో కూడా అంతే గౌరవంగా చదువుకుంటాం.

రైన్‌తీరం గారూ, ఆయన వెంటనే తెరుస్తారనుకుంటే కాబినెట్ ఇవ్వండి, వీలైతే కొన్నేళ్ల కిందటి సంవత్సరపు సీసా వెతకండి. దాచుకునే అలవాటు ఉంటే ష్పేట్‌లేజె మేలు. భోజనంతో పాటు ఇస్తే కాబినెట్ మన కారపు వంటలకు కూడా చక్కగా నప్పుతుంది. మద్యశాతం ఎక్కువైనకొద్దీ మిరపకాయ మంట నాలుక మీద మరింత రగులుతుంది, దీనిలో మద్యం తక్కువ, తీపి కొంత ఉంది కాబట్టి మంట అదుపులో ఉంటుంది.

ట్రియర్‌వాసి

పాత సంవత్సరపు సీసా కోసం ముందు నేరుగా ఎస్టేటుకే ఉత్తరం రాయండి. కుటుంబ సంస్థలలో చాలావరకు కొన్ని పాత పంటలను విడిగా ఉంచుకుని, అడిగినవారికి అమ్ముతాయి. రాయకుండా నేరుగా వెళితే అక్టోబరులో ఎవరూ దొరకరు, ఇంటిల్లిపాదీ కోతలోనే ఉంటారు. ఏటా మా ట్రియర్‌లో గ్రోసర్ రింగ్ అనే మోజెల్ ఎస్టేటుల సంఘం వారి వేలం జరుగుతుంది. ప్రూమ్, ఏగోన్ మ్యుల్లర్ వంటి కుటుంబాలు తమ మాళిగల్లోని అరుదైన వైన్లను అక్కడే అమ్మకానికి పెడతాయి. అక్కడ ధరలు కానుకకు అందేవి కావు గానీ, అమ్మకానికి ముందు జరిగే రుచి పరీక్షకు టికెట్టు కొని వెళితే ఒకే కొండ నుంచి వచ్చిన వేర్వేరు ఇళ్ల వైన్లను పక్కపక్కన రుచి చూడవచ్చు. కొన్న సీసాను ఇచ్చేదాకా మీ ఫ్లాటు కింది గదిలో, వేడి గొట్టాలకు దూరంగా, పడుకోబెట్టి ఉంచండి. వంటగది అలమారలో మాత్రం పెట్టకండి.